ప్రయోగాల జాబితా పంచాంగం కాదు

రానున్న ఏడాదిలో జరగబోయే రాకెట్ ప్రయోగాల జాబితా అంతరిక్ష సంస్థల ప్రకటనలన్నింటిలోకీ ఎక్కువమంది చదివేది, ఎక్కువమంది తప్పుగా చదివేది. ఏ నెలలో ఏ వాహకనౌక, దాని మీద ఏ ఉపగ్రహం అని వరసగా పత్రికల్లో వస్తుంది. ఏడాది గడిచాక అదే జాబితాను ముందు పెట్టుకుని ఎన్ని జరిగాయి, ఎన్ని జరగలేదు అని లెక్క తీస్తారు. జరగనివి ఎక్కువైతే సంస్థ చతికిలబడిందని తీర్పు చెబుతారు. మరో దేశం లెక్క ఇంకా పెద్దదైతే ఆ తీర్పుకు జాతి పరువు కూడా తోడవుతుంది. ఈ ధోరణి వెనుక రెండు నమ్మకాలున్నాయి. ప్రకటించిన తేదీ ఒక హామీ, దాన్ని దాటడం వైఫల్యం అనేది మొదటిది. ఏడాదిలో ఎగిరిన రాకెట్ల సంఖ్యే అంతరిక్ష శక్తికి కొలమానం అనేది రెండోది. రెండూ తప్పే. పైగా ఈ లెక్కల సందడిలో నిజంగా అడగవలసిన ప్రశ్నలు మరుగున పడిపోతున్నాయి.

ప్రయోగ తేదీలు రెండు రకాలు. మొదటి రకం తేదీని నిర్ణయించేది ఆకాశం. భూమి నుంచి అంగారకుడికి తక్కువ ఇంధనంతో వెళ్లగలిగే అమరిక దాదాపు 26 నెలలకు ఒకసారి వస్తుంది. ఆ కొద్ది వారాలు దాటితే మళ్లీ రెండేళ్ల పైచిలుకు ఆగాలి. ఇలాంటి తేదీలు మాత్రం నిజంగానే పంచాంగంలోంచి తీసినట్టుంటాయి. మంగళయాన్‌కు 2012 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ25 దాన్ని నింగికి చేర్చింది. పదిహేను నెలల్లో ముగిసిన ఈ పనిని, గడువు బిగిస్తే ఏదైనా సాధ్యమనేందుకు రుజువుగా చూపిస్తుంటారు. అయితే ఆ ప్రయోగానికి మొదట అనుకున్న తేదీ అక్టోబరు 28. రాకెట్ ప్రయాణాన్ని గమనించాల్సిన నౌకల్లో ఒకటి, పసిఫిక్‌లో వాతావరణం బాగాలేక, ఫిజీ దగ్గరి స్థానానికి సమయానికి చేరలేదు. ప్రయోగాన్ని వారం రోజులు వాయిదా వేశారు. నవంబరు 19 దాకా లాంచ్ విండో ఉంది కాబట్టి వేయగలిగారు. భూకక్ష్య వదిలి అంగారకుడి దారి పట్టాల్సిన డిసెంబరు 1 మాత్రం చెక్కుచెదరలేదు. ఏ తేదీ జరపదగ్గదో, ఏది జరపరానిదో తెలిసిన సంస్థ చేసే పని ఇది. తేదీ తప్పడమే వైఫల్యమైతే మంగళయాన్‌ను కూడా ఆ ఖాతాలోనే రాయాలి.

ఆకాశం పెట్టిన గడువును సైతం చేజేతులా వదులుకున్న సందర్భం ఒకటుంది. నాసా వారి ఇన్‌సైట్ 2016 మార్చిలో అంగారకుడికి బయల్దేరాలి. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ ఆధ్వర్యంలో తయారైన భూకంపమాపకం దాని ప్రధాన పరికరం. అతి సూక్ష్మమైన కదలికలను పట్టాలంటే దాని సెన్సర్ల చుట్టూ శూన్యం ఉండాలి. 2015 డిసెంబరులో, ప్రయోగానికి మూడు నెలల ముందు, ఆ శూన్యపు పేటికలో లీకు బయటపడింది. సరిచేసే వ్యవధి లేదు. నాసా ఆ విండోను వదిలేసి 26 నెలలు ఆగింది; సుమారు 15 కోట్ల డాలర్ల అదనపు ఖర్చును భరించింది. 2018 మే 5న బయల్దేరిన ఇన్‌సైట్ అదే ఏడాది నవంబరు 26న దిగి, తన జీవితకాలంలో 1,300కు పైగా అంగారక ప్రకంపనలను నమోదు చేసింది. 2016లో తేదీ నిలబెట్టుకుని ఉంటే ఆ ఏడాది ప్రయోగాల లెక్కలో ఒక అంకె పెరిగేది. అంగారకుడి మీద మాత్రం చెవిటి పరికరం ఒకటి మిగిలేది.

రెండో రకం తేదీకి ఆకాశంతో సంబంధం తక్కువ. అది పూర్తిగా పరీక్షల మీద ఆధారపడింది. ఉపగ్రహం బెంగళూరులో తయారవుతుంది. అక్కడే కంపన పరీక్షలు, శూన్యంలో వేడిచలి పరీక్షలు జరుగుతాయి. ద్రవ ఇంధన ఇంజన్లను మహేంద్రగిరిలో మండించి చూస్తారు. పెద్ద ఘన ఇంధన మోటార్లను శ్రీహరికోటలోనే పోత పోస్తారు. అన్నీ కలిసి ఒక్క వాహకనౌకగా నిలబడ్డాక మిషన్ సంసిద్ధత సమీక్ష, ఆ తరువాత లాంచ్ ఆథరైజేషన్ బోర్డు సమావేశం, చివరికి కౌంట్‌డౌన్. ప్రతి మెట్టు దగ్గరా ఆగవలసి రావచ్చు. జనవరిలో రాసే తేదీ, ఈ మెట్లన్నీ మొదటి ప్రయత్నంలోనే దాటితే వచ్చే తేదీ. అది నిలబడకపోతే, ఏదో ఒక పరీక్ష తన పని తాను చేసిందని అర్థం. ఎలాంటి ఫలితం వచ్చినా తేదీని మార్చలేని పరీక్షను పరీక్ష అనడం కన్నా తంతు అనడం సబబు.

నాసా, ఇస్రో కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహం ఇందుకు తాజా ఉదాహరణ. 2024లో ఎగరాల్సిన ఆ ఉపగ్రహం 12 మీటర్ల వ్యాసం గల రాడార్ యాంటెనా రిఫ్లెక్టర్‌ను మడిచి మోసుకెళుతుంది. మడిచి ఉన్న స్థితిలో అది అనుకున్నదానికన్నా ఎక్కువ వేడెక్కవచ్చని పరీక్షల్లో తేలింది. రిఫ్లెక్టర్‌ను అమెరికాకు వెనక్కి పంపి, వేడిని ప్రతిఫలించే పూత వేయించి తెచ్చారు. ఉపగ్రహం 2025 జులై 30న శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరింది, యాంటెనా విచ్చుకుంది. దాదాపు 150 కోట్ల డాలర్ల ప్రాజెక్టు అది. 2024 జాబితాలో జరగని ప్రయోగంగా దాన్ని లెక్కగట్టినవారు ఆ పూత సంగతి కూడా పక్కన రాసి ఉంటే లెక్క మరోలా కనిపించేది. చంద్రయాన్-2 ప్రయోగాన్ని 2019 జులై 15 తెల్లవారుజామున 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు. వారానికి, జులై 22న ఎగిరింది. గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డీ1 2023 అక్టోబరు 21న చివరి ఐదు సెకన్లలో ఆగింది. లోపం చూసుకుని అదే ఉదయం పది గంటలకు లేచింది.

ఆలస్యం చేస్తే విజయం దానంతట అదే వస్తుందని చెప్పడం కూడా అబద్ధమే. వారం ఆగి ఎగిరిన చంద్రయాన్-2 ల్యాండర్ సెప్టెంబరు 7న చంద్రుడి మీద కూలింది. 2020 మార్చిలో ఒక్క రోజు ముందు ఆగిపోయిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 చివరికి 2021 ఆగస్టు 12న ఎగిరి క్రయోజెనిక్ దశలో విఫలమైంది. వాయిదా వల్ల దొరికేది సమయం మాత్రమే. ఆ సమయంలో ఏం చేశారన్నదే అసలు సంగతి. చంద్రయాన్-3ను తొలుత 2020లోనే పంపాలనుకున్నారు. అది 2023 జులై 14న బయల్దేరింది. ఆ మధ్యకాలంలో ల్యాండర్ కాళ్లను బలపరిచారు, ఇంధనం పెంచారు, దిగే స్థలాన్ని 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఆగస్టు 23న ఫలితాన్ని దేశమంతా చూసింది. ఆనాటి సంబరాల్లో మూడేళ్ల ఆలస్యాన్ని తప్పుపట్టిన గొంతు ఒక్కటీ వినిపించలేదు. ఆలస్యాన్ని వైఫల్యమనే వాదం ఫలితం బాగున్నప్పుడు తనను తానే మరిచిపోతుంది.

తేదీని గెలిపించాలనుకుంటే ఏమవుతుందో చరిత్రలో స్పష్టంగా నమోదై ఉంది. 1985లో నాసా షటిల్ యాత్రలు తొమ్మిది. 1986కి పదిహేను వేసుకున్నారు. ఆ దశాబ్దం చివరికి ఏడాదికి ఇరవై నాలుగు చేరాలన్నది లక్ష్యం. చాలెంజర్ షటిల్ ప్రయోగం అప్పటికే పలుమార్లు వాయిదా పడింది. ఆ వాయిదాల మీద అమెరికా టీవీ వార్తల్లో ఎకసెక్కాలు కూడా నడిచాయి. జనవరి 27 రాత్రి, బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ ఇంజనీర్లు ప్రయోగం వద్దన్నారు. చలికి బూస్టర్ కీళ్లలోని రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయని, 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ఉంటే ఎగరవద్దని వారి సలహా. యాజమాన్యాలు ఆ సలహాను తోసిపుచ్చాయి. మర్నాడు ప్రయోగ సమయానికి ఉష్ణోగ్రత దాదాపు 2 డిగ్రీలు. ఎగిరిన 73 సెకన్లకు నౌక ఛిద్రమైంది, అందులోని ఏడుగురూ మరణించారు. విచారణ జరిపిన రోజర్స్ కమిషన్, ప్రయోగాల సంఖ్య పెంచాలన్న ఒత్తిడికి తన నివేదికలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది.

పదిహేడేళ్ల తరువాత మరో షటిల్, కొలంబియా. ఈసారి తేదీ 2004 ఫిబ్రవరి 19. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి నోడ్-2 అనే భాగాన్ని ఆ రోజుకల్లా పంపాలన్నది నాసా పట్టుదల. ఆ తేదీకి ఎన్ని రోజులు, గంటలు, సెకన్లు మిగిలాయో చూపించే స్క్రీన్‌సేవర్‌ను అధికారుల కంప్యూటర్లకు పంపారని కొలంబియా విచారణ బోర్డు రాసింది. 2002 అక్టోబరులో ఒక షటిల్ ప్రయోగంలో ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్క ఊడిపడింది. అది ఆగి చూడవలసిన లోపంగా నాసాకు అనిపించలేదు. 2003 జనవరి 16న అలాంటి ముక్కే కొలంబియా ఎడమ రెక్కకు తగిలింది. ఫిబ్రవరి 1న నౌక తిరిగివస్తూ ఛిద్రమైంది. అందులో మరణించిన ఏడుగురిలో కల్పనా చావ్లా ఒకరు. స్క్రీన్‌సేవర్ ప్రమాదానికి కారణమని ఎవరూ అనలేదు. కానీ ఏ లోపాన్ని చిన్నదిగా చూడాలో, ఏ ప్రశ్నను రేపటికి తోసెయ్యాలో తెరమీద పరుగెత్తే ఆ అంకెలు నేర్పుతాయి. ఏడాది జాబితా చేతబట్టుకుని తప్పిన తేదీలు లెక్కించే విమర్శకులు అదే స్క్రీన్‌సేవర్‌ను బయటినుంచి నడుపుతున్నారు.

గడువు లేకపోతే ఏ పనీ కాదన్న వాదన ఇంకా మిగిలి ఉంటుంది. దానికి అందరూ చూపించేది అపోలోనే: దశాబ్దం ముగిసేలోగా చంద్రుడి మీద మనిషి అని 1961లో కెనడీ ప్రకటించడం, 1969లో అది జరగడం. ఆ ఎనిమిదేళ్ల మధ్యలో ఏముందో చూడాలి. 1967 జనవరి 27న వేదిక మీద పరీక్ష జరుగుతుండగా అపోలో-1 లోపల మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు మరణించారు. ఆ తరువాత అమెరికా దాదాపు ఇరవై నెలల పాటు మనిషిని ఎక్కించలేదు. నౌక తలుపును, లోపలి సామగ్రిని, వైరింగును మార్చింది. 1968 అక్టోబరు 11న అపోలో-7 ఎగిరింది. అంత పేరుపొందిన గడువు కూడా ఇరవై నెలల ఆగుడును కలుపుకునే నెరవేరింది.

ఖర్చు సంగతీ అంతే. ఆలస్యానికి డబ్బు ఖర్చవుతుంది, కాదనేదేం లేదు. 2007లో ఎగురుతుందని ఒకప్పుడు చెప్పిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2021 డిసెంబరు 25న ఎగిరే నాటికి వెయ్యి కోట్ల డాలర్లయింది. 2010లో నాసా నియమించిన స్వతంత్ర సంఘం ఆ పెరుగుదలకు కారణం బడ్జెట్ అంచనాల్లో, నిర్వహణలో ఉందని, సాంకేతిక పనితీరులో లేదని తేల్చింది. అదే ప్రాజెక్టులో 2018లో శబ్ద పరీక్ష తరువాత సూర్యకవచం మీది స్క్రూలు, వాషర్లు ఊడి కింద దొరికాయి; దాన్ని సరిచేయడానికీ సమయం పట్టింది. మొదటి ఆలస్యాన్ని నిలదీయాలి, రెండోదాన్ని మెచ్చుకోవాలి. తేదీల జాబితాలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక సంఖ్య. 2024 ఫిబ్రవరిలో, ప్రైవేటు అంతరిక్ష కార్యకలాపాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ ఒక ఉమ్మడి ప్రయోగాల పట్టిక విడుదల చేసింది. 2024 జనవరి నుంచి 2025 మార్చి వరకు పదిహేను నెలలకు 30 ప్రయోగాలు. ఇస్రోవీ, వాణిజ్య ప్రయోగాలూ, గగన్‌యాన్ పరీక్షలూ, ప్రైవేటు కంపెనీల రాకెట్లూ అన్నీ అందులో చేరాయి. ఆ పదిహేను నెలల్లో శ్రీహరికోట నుంచి కక్ష్యకు వెళ్లినవి ఆరు. విమర్శకులు దీన్ని పట్టుకుని ఇస్రో దారుణంగా విఫలమైందన్నారు. కానీ శ్రీహరికోట చరిత్రలో అప్పటిదాకా ఒక్క ఏడాదిలో జరిగిన అత్యధిక కక్ష్యా ప్రయోగాలు ఏడు. 2016, 2018, 2023 సంవత్సరాల్లో. ఏడు దాటని చోట ముప్పై రాసినవారిని అడగాల్సిన ప్రశ్న ఎందుకు ఎగరలేదని కాదు, ఏ ఆధారంతో రాశారని. ఆ తప్పు జరిగింది ప్రయోగవేదిక మీద కాదు, పట్టిక వేసిన బల్ల మీద.

సామర్థ్యం లేకే సంఖ్య తగ్గిందన్న వివరణ కూడా నిలవదు. 2024 ఫిబ్రవరిలోనే శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ అనుసంధాన భవనాన్ని జాతికి అంకితం చేశారు. ఏడాదికి ఆరు పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాలను పదిహేనుకు పెంచగలదని ప్రభుత్వం చెప్పింది. ఆ ఏడాది ఎగిరిన పీఎస్‌ఎల్‌వీలు మూడు, మరుసటి ఏడాది ఒకటి. వేదిక ఖాళీగానే ఉంది. 3,984.86 కోట్ల రూపాయలతో మూడో ప్రయోగవేదికకు 2025 జనవరిలో ఆమోదం వచ్చింది. బరువైన రాబోయే తరం వాహకనౌకకు అది అవసరమే. దానితో ప్రయోగాల సంఖ్య పెరిగిపోతుందని ఆశించేవారు ముందు ఈ ఖాళీ వేదిక సంగతి తేల్చుకోవాలి. ఉపగ్రహాలు ఎవరు తయారుచేస్తున్నారు, వాటికి డబ్బు ఎవరు కడుతున్నారు, రాకెట్లను పరిశ్రమలు ఏ వేగంతో కట్టగలుగుతున్నాయి అనే ప్రశ్నలకు కాంక్రీటు జవాబు చెప్పదు.

స్పేస్‌ఎక్స్‌తో పోలిక ఇక్కడే బోల్తా పడుతుంది. ఆ సంస్థ 2024లో ఫాల్కన్ రాకెట్లను 130 సార్లకు పైగా ఎగరేసింది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు తన సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాలను మోయడానికే. అంటే ఆ సంఖ్యకు మూలం రాకెట్‌లో కన్నా ఎక్కువగా ఇంటర్నెట్ వ్యాపారంలో ఉంది. తానే అమ్మకందారు, తానే కొనుగోలుదారు. ఆ స్పేస్‌ఎక్స్ కూడా ఆ ఏడాదికి తాను పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోలేదు. మరోవైపు పీఎస్‌ఎల్‌వీ-సీ37 2017 ఫిబ్రవరి 15న ఒక్క ప్రయోగంలో 104 ఉపగ్రహాలను వదిలింది. ప్రయోగాల లెక్కలో అది ఒకటి, ఉపగ్రహాల లెక్కలో నూటనాలుగు. దేశానికి ఏం ఒరిగిందో రెండు అంకెలూ చెప్పవు.

సంఖ్య ఎంత మోసగించగలదో చెప్పడానికి 2025 జనవరి 29 చాలు. ఆ ఉదయం జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎగిరింది. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం. వాహకనౌక తన పని తాను చేసింది, పండగ జరిగింది. అది మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో మాత్రం ఆక్సీకారిణిని వదిలే వాల్వులు తెరుచుకోలేదు. తుది కక్ష్యకు చేరుకోలేకపోయింది. జాబితాలో అది నెరవేరిన ప్రయోగం. నావిక్ దిక్సూచి వ్యవస్థలో అది ఒక ఖాళీ. ఈ వ్యవస్థకు ఏడు ఉపగ్రహాలు కావాలి. మొదటి ఉపగ్రహంలోని అణుగడియారాలు పాడయ్యాయి. దాని స్థానంలో పంపినది 2017 ఆగస్టులో ఉష్ణకవచం ఊడక నష్టపోయింది. 2023 మేలో ఎన్‌వీఎస్-01 సరిగ్గా చేరింది. తరువాతిది దారిలో నిలిచిపోయింది. ఈ కథ అడిగేది ఒక్కటే: ఈ రోజు ఎన్ని నావిక్ ఉపగ్రహాలు స్థానం చెప్పగలుగుతున్నాయి? మత్స్యకారుడికైనా సైన్యానికైనా పనికొచ్చే లెక్క అది.

విమర్శ గట్టిగా తగలాల్సిన చోటు వేరే ఉంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 విఫలమైంది. మూడో దశ మోటార్ చాంబర్‌లో పీడనం పడిపోయింది. విశ్లేషణ కమిటీ వేశారు. దాని నివేదిక ప్రజల ముందుకు రాలేదు. 2026 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ62 ఎగిరింది, మళ్లీ మూడో దశ చివర్లోనే దారి తప్పింది. రక్షణ అవసరాల ఉపగ్రహంతోపాటు, హైదరాబాద్ కంపెనీలవి సహా, చిన్న ఉపగ్రహాలూ పోయాయి. జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైనప్పుడు ఇస్రో కారణాన్ని వివరంగా ప్రకటించింది: వాల్వు లీకై ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గిందని. 2022 ఆగస్టులో ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం చెడినప్పుడు, దశ విడిపోయేటప్పటి కంపనం సెన్సర్లను తికమకపెట్టిన తీరును విడమరిచి చెప్పింది. ఆరు నెలల్లో రెండో ప్రయోగం నెగ్గింది. అంటే చెప్పే సంప్రదాయం ఇస్రోకు ఉంది, దాన్ని ఈసారి విడిచిపెట్టింది. వాయిదాల మీద కాలమ్‌ల కొద్దీ రాసినవారిలో ఆ నివేదిక ఎక్కడని అడిగినవారు తక్కువ. ముప్పై ప్రయోగాల్లో ఎక్కువభాగం జరగకపోవడం కన్నా, ఒకే దశలో రెండుసార్లు దెబ్బతిన్న రాకెట్ గురించి మౌనం వహించడం ఎన్నో రెట్లు తీవ్రమైనది.

రానున్న ఏళ్ల జాబితాల్లో అందరి కళ్లూ పడేది గగన్‌యాన్ మీద. 2018 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని ఆ యాత్రను ప్రకటించినప్పుడు గడువు 2022, స్వాతంత్ర్యానికి డెబ్బై ఐదేళ్లు నిండే సంవత్సరం. ఆ తేదీ ఆకాశం నిర్ణయించింది కాదు, పరీక్షలు నిర్ణయించిందీ కాదు. ఉత్సవం కోసం రాసిన తేదీ అది. దాన్ని దాటినందుకు ఇంజనీర్లను తిట్టడంలో అర్థం లేదు. అప్పటి నుంచి మనుషులను మోయడానికి తగినట్టు క్రయోజెనిక్ ఇంజన్ ధ్రువీకరణ పూర్తయింది. ప్రమాదం వస్తే వ్యోమగాములను దూరంగా లాగేసే వ్యవస్థను టీవీ-డీ1లో గాలిలో పరీక్షించారు. 2025 ఆగస్టులో హెలికాప్టర్ నుంచి నమూనా మాడ్యూల్‌ను వదిలి పారాచూట్లు తెరుచుకునే తీరు చూశారు. మనుషులు ఎక్కే యాత్ర 2027కు మారింది. దానికి ముందు వ్యోమమిత్ర రోబోతో మొదలుపెట్టి మనుషులు లేని యాత్రలు మూడు జరపాలని ఇస్రో చెప్పింది. ఆ మూడింటికీ తేదీలు అడిగేవారు వాటితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు అడగాలి: ప్రతి యాత్రలో ఏది నిరూపణ కావాలి, కాకపోతే ఎవరు ఆపుతారు, ఆపిన కారణాన్ని ఎన్ని రోజుల్లో ప్రకటిస్తారు. ఆ మూడు యాత్రల్లో ఏ ఒక్కటి కొత్త లోపాన్ని బయటపెట్టినా, వ్యోమగాములు ఎక్కాల్సిన తేదీ 2027ను దాటక తప్పదు.